బ్యాటరీ బాగుంది, మనిషికే ఓపిక లేదు: ఒక పేస్‌మేకర్ కేస్

"బ్యాటరీ బాగుందంట సార్, ఇంకా ఎనిమిదేళ్ళు వస్తుందంట, వైర్లు కూడా బాగున్నాయంట, మరి మా అత్తయ్యకి ఓపికెందుకు లేదు?" సెప్టెంబర్లో ఒక రోజు ఓపీలో ఒక కోడలుగారు అడిగిన ప్రశ్న ఇది. అడిగిన తీరులో కొంచెం కోపం కూడా ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే అప్పటికి రెండుసార్లు చెకింగ్‌కి వెళ్ళొచ్చారు, రెండుసార్లూ "అంతా నార్మల్" అని కాగితం ఇచ్చి పంపించారు. వాళ్ళ పర్మిషన్ తీసుకునే ఈ కేస్ రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను, ఎక్కడ పేస్‌మేకర్ వేశారో ఆ ఊసు ఎత్తను, అది ఇక్కడ పాయింట్ కూడా కాదు.

పేషెంట్‌కి 64 ఏళ్ళు, విజయవాడకి ఓ ముప్పై కిలోమీటర్ల దూరంలో పల్లె, ఇంట్లో రెండు గేదెలు, తెల్లారుజామున నాలుగింటికి లేచి పాలు తీసి, గడ్డి వేసి, పేడ ఎత్తి, ఆ తర్వాతే కాఫీ తాగే మనిషి. బీపీ ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది. జనవరిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది, ఒకసారి గేదెల పాకలోనే. హోల్టర్ (రోజంతా ఒంటి మీదే ఉండి ఈసీజీ రికార్డు చేసే మెషీన్) పెడితే మధ్యమధ్యలో గుండె ఆగిపోతోంది, ఎక్కువలో ఎక్కువ 4.6 సెకన్లు. బీపీ కోసం వాడుతున్న అటెనోలాల్ గుండె రేటుని కూడా తగ్గిస్తుంది, దాని వల్లేమో అని దాన్ని ఆపి మళ్ళీ చూశారంట, అయినా పాజులు తగ్గలేదు, అంటే గుండెకి స్పీడు నిర్ణయించే సైనస్ నోడ్ జబ్బే, అప్పుడు పై గదికొకటి, కింది గదికొకటి వైరు ఉండే డ్యూయల్ ఛాంబర్ పేస్‌మేకర్ వేశారు. యాంజియోగ్రామ్ కూడా అప్పుడే చేశారు, రక్తనాళాలు బాగున్నాయి. ఇంతవరకు చేసిన వాళ్ళు చక్కగా చేశారు, నాకు వంక పెట్టడానికేం లేదు.

పేస్‌మేకర్ పెట్టాక కళ్ళు తిరగడం పూర్తిగా పోయింది. కానీ ఎనిమిది నెలల్లో మనిషి సగమైపోయింది. కోడలి మాటల్లో చెప్పాలంటే "పొద్దున లేచేసరికే సాయంత్రం అయిపోయినట్టుంటది ఆవిడకి". ఒక గేదెను అమ్మేశారు. బావి దగ్గర్నుంచి ఇంటికి బిందె తేవాలంటే మధ్యలో దించుకోవాలి. గుడికి వెళ్ళడం మానేసింది.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర పేషెంట్లు అన్నిటికీ "నీరసం" అనే ఒక్క మాటే వాడతారు, ఆయాసం వచ్చినా నీరసమే, కాళ్ళు లాగినా నీరసమే, నిద్ర పట్టకపోయినా, మనసు బాగోకపోయినా నీరసమే, అందుకని నేను ఎప్పుడూ "నీరసం అంటే ఏంటమ్మా, కూర్చుని ఉన్నప్పుడా, పని చేస్తుంటేనా" అని విడదీసి అడుగుతా. ఈవిడ చాలా స్పష్టంగా చెప్పింది: "కూర్చుంటే ఏం లేదు డాక్టర్ గారూ, బానే ఉంటా. లేచి నాలుగడుగులేస్తే కాళ్ళల్లో బలం దిగిపోద్ది. కాసేపాగితే మళ్ళీ వస్తది." ఈ ఒక్క వాక్యంలో సగం డయాగ్నసిస్ ఉంది. రక్తం తక్కువైనవాళ్ళు, థైరాయిడ్ వాళ్ళు, డిప్రెషన్ వాళ్ళు సాధారణంగా ఇలా చెప్పరు, వాళ్ళకి కూర్చున్నా అలాగే ఉంటుంది. కూర్చుంటే బాగుండి, కదిలితే బలం పోయి, ఆగితే తిరిగొస్తోందంటే, కదిలినప్పుడు పెరగాల్సింది ఏదో పెరగట్లేదన్నమాట.

అలాగని టెస్టులు మానేయలేదు. పేస్‌మేకర్ ఉంది కదా అని నీరసం మొత్తం దాని మీదకి నెట్టేస్తే మనమే దెబ్బతింటాం. హిమోగ్లోబిన్ 11.6, థైరాయిడ్ టెస్ట్ టీఎస్‌హెచ్ నార్మల్, క్రియాటినిన్ నార్మల్, బీ12 మాత్రం తక్కువగా ఉంది, దానికి ఇంజెక్షన్లు రాశాను. ఎకోలో ఈఎఫ్, అంటే గుండె ఒక దెబ్బకి తనలోని రక్తంలో ఎంత వంతు పంపుతుందో ఆ లెక్క, 60 శాతం, నార్మలే, ఎడమ పై గది కొంచెం పెద్దదైంది, గుండె కండరం కొంచెం బిగుసుకుంది, ఈ వయసులో బీపీ ఉన్నవాళ్ళలో మామూలే.

ఇప్పుడు పేస్‌మేకర్ సంగతికి వద్దాం. మన పేషెంట్లు దీన్ని "బ్యాటరీ చెకింగ్" అంటారు, ఆ మాటలోనే అసలు చిక్కంతా ఉందని నాకనిపిస్తుంది. కంపెనీ అబ్బాయి ప్రోగ్రామర్ మెషీన్ పట్టుకొని వస్తాడు, పేషెంట్ మంచం మీద పడుకుంటుంది, ఛాతీ మీద వాండ్ పెడతారు, బ్యాటరీ ఎంతుంది, లీడ్ల రెసిస్టెన్స్ ఎంత, ఎంత కరెంట్‌కి గుండె కొట్టుకుంటోంది, ఇవన్నీ చూస్తారు, పది నిమిషాల పని. ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ ఇందులో చెక్ అయ్యేది పరికరం, పరికరం మోస్తున్న మనిషి కాదు, పైగా ఈవిడకి కష్టం వచ్చేది నడిచినప్పుడు, మనం చూసేది పడుకోబెట్టి. స్కూటర్ ఎత్తు ఎక్కట్లేదని మెకానిక్ దగ్గరకి తీసుకెళ్తే స్టాండ్ వేసి స్టార్ట్ చేసి, "ఇంజిన్ బాగానే ఉందండీ" అని పంపించినట్టు.

నేను చూసినప్పుడు సెట్టింగ్స్ ఇలా ఉన్నాయి. మోడ్ డీడీడీ, అంటే పై గదినీ కింది గదినీ రెండిటినీ గమనిస్తూ అవసరమైతే కొట్టేది, లోయర్ రేట్ (నిమిషానికి ఇంతకన్నా తగ్గనివ్వని హద్దు) 60, అప్పర్ ట్రాకింగ్ రేట్ (పై గది స్పీడుని కింది గది ఎంతవరకు అనుసరించవచ్చో ఆ హద్దు) 130, పై గదిని కొట్టాక కింది గదిని కొట్టడానికి ఆగే ఏవీ డిలే 180 మిల్లీసెకన్లు, రేట్ రెస్పాన్స్, అంటే మనిషి కదిలితే సెన్సర్‌తో పసిగట్టి రేటు పెంచే సౌకర్యం, ఆఫ్. ఎనిమిది నెలల లెక్క తీస్తే పై గదిని 94 శాతం సార్లు పేస్‌మేకరే కొడుతోంది, కింది గదిని 81 శాతం సార్లు కొడుతోంది. రేట్ హిస్టోగ్రామ్ అని ఒకటుంటుంది, ఈ ఎనిమిది నెలల్లో గుండె ఏ స్పీడులో ఎంతసేపు కొట్టుకుందో స్తంభాల్లాగా చూపిస్తుంది, ఆరోగ్యంగా తిరిగే మనిషికి 60 నుంచి 110, 120 దాకా చిన్నా పెద్దా మెట్లు మెట్లుగా ఉండాలి. ఈవిడకి 60 దగ్గర ఒక్కటే స్తంభం, చుట్టూ ఖాళీ. బీడు పొలం మధ్యలో ఒంటి తాటిచెట్టులాగా.

నాకు ఆ బొమ్మ చూడగానే విషయం అర్థమైపోయింది, కానీ కోడలికి అర్థం కావాలి కదా, అందుకని కారిడార్‌లోకి తీసుకెళ్ళి నడిపించాం. మూడు నిమిషాలు మామూలు నడక, తర్వాత ఒక అంతస్తు మెట్లు. నడక మొదలుపెట్టినప్పుడు రేటు 60. మూడు నిమిషాలయ్యాక 61. మెట్లెక్కి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డప్పుడు 66. ఆక్సిజన్ 97 ఉంది, ఊపిరితిత్తుల సమస్య కాదు. లెక్క ప్రకారం 220 లోంచి వయసు తీసేస్తే 156, అందులో 80 శాతం అంటే 125 వరకైనా గట్టి శ్రమలో చేరుకోవాలి, చేరుకోలేకపోతే దాన్ని క్రోనోట్రోపిక్ ఇన్‌కాంపిటెన్స్ అంటాం. పేస్‌మేకర్ వేశాక అటెనోలాల్ మళ్ళీ వాడుతోంది కాబట్టి ఈ లెక్కని అక్షరాలా పట్టుకోకూడదు, కానీ 66 ఎక్కడ, 125 ఎక్కడ.

ఇది శరీరానికి ఎలా తగులుతుందో చిన్న లెక్క చెప్తా. గుండె ఒక దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు పంపుతుందనుకుందాం, నిమిషానికి 60 సార్లంటే 4.2 లీటర్లు, కూర్చున్న మనిషికి సరిపోతుంది. బిందె ఎత్తుకుని నడిస్తే దానికి రెట్టింపు దగ్గర కావాలి. వయసులో ఉన్న మెత్తటి గుండె అయితే దెబ్బకి పంపే రక్తాన్ని కొంత పెంచుకుంటుంది, ఈవిడ గుండె కొంచెం బిగుసుకుందన్నాం కదా, మహా అయితే 90 మిల్లీలీటర్లు, అంటే 5.4 లీటర్లు. అదే రేటు 110కి వెళ్ళగలిగితే దెబ్బకి 80 చొప్పున పంపినా 8.8 లీటర్లు. తేడా అంతా అక్కడుంది. కాళ్ళకి రక్తం చాలట్లేదు, అందుకే "బలం దిగిపోద్ది".

రెండో సంగతి అంత త్వరగా కంటికి కనపడేది కాదు, కానీ నా దృష్టిలో తక్కువదేం కాదు, అది ఆ 81 శాతం. ఈవిడకి జబ్బు పైన సైనస్ నోడ్‌లో, పై గది నుంచి కిందకి కరెంట్ వెళ్ళే దారి బాగానే ఉంది, కాస్త నిదానం అంతే, పై గదిని పేస్ చేసినప్పుడు కిందకి చేరడానికి 220 మిల్లీసెకన్లు పడుతోంది. పేస్‌మేకర్ 180కే తొందరపడి కింది గదిని కొట్టేస్తోంది. సొంత కరెంట్ దారిలో ఉండగానే వీడొచ్చి తలుపు కొట్టేస్తున్నాడు. కుడి కింది గది మూల నుంచి కొడితే గుండె రెండువైపులా ఒకేసారి కాకుండా ఒకవైపు ముందు, ఒకవైపు వెనక ముడుచుకుంటుంది, ఏళ్ళ తరబడి ఇలా అయితే కొంతమందిలో గుండె బలహీనపడుతుంది. 2002లో వచ్చిన డేవిడ్ ట్రయల్ ఐసీడీ (ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) ఉన్న పేషెంట్ల మీద, అందులో రెండు గదుల్నీ 70 రేటుతో పేస్ చేసిన గ్రూపుకి, 40 రేటుతో ఊరికే బ్యాకప్‌గా ఉంచిన గ్రూపు కన్నా చెడు జరిగింది. 2003లో మోస్ట్ ట్రయల్ డేటా మీద ఇంకో విశ్లేషణ వచ్చింది, అది సరిగ్గా ఈవిడ లాంటి సైనస్ నోడ్ పేషెంట్లలోనే, కింది గది పేసింగ్ 40 శాతం దాటితే హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అవ్వడం ఎక్కువైంది. ఇరవై ఏళ్ళు దాటింది ఈ విషయం తెలిసి, అయినా ఫ్యాక్టరీ సెట్టింగ్‌తోనే ఇంటికెళ్ళిపోయే వాళ్ళని ఇప్పటికీ వారానికొకరిని చూస్తున్నా.

మార్చేముందు ఒక టెస్ట్ చేశాను, ఇది చాలామంది వదిలేస్తారు. పై గది రేటు పెంచితే కింది గది దాకా ఆ కరెంట్ అంతే స్పీడుగా దిగాలి కదా, దిగుతుందా లేదా? మంచం మీదే పై గదిని 80, 90, 100 అలా పెంచుకుంటూ వెళ్ళాను, 120 వరకు ఒకటికి ఒకటి దిగింది, 130లో మధ్యలో ఒక బీట్ జారిపోయింది. కాబట్టి సెన్సర్ పై హద్దు 120 అని అక్కడే తేల్చుకున్నా. ఛాతీ నొప్పి చరిత్ర లేదు, యాంజియో బాగుంది, లేకపోతే 120కి కూడా అంత ధైర్యంగా వెళ్ళేవాణ్ణి కాదు, బ్లాకులున్న గుండెని పరిగెత్తిస్తే ఓపిక బదులు నొప్పి వస్తుంది.

మొదటిరోజు చేసిన మార్పులు: మోడ్ డీడీడీఆర్, అంటే రేట్ రెస్పాన్స్ ఆన్. సెన్సర్ పై హద్దు 120. ఇంటి పనుల స్థాయికి చేరాల్సిన రేటు 105. సెన్సర్ తేలిగ్గా స్పందించేలా థ్రెషోల్డ్ (ఎంత కదిలితే స్పందించాలో ఆ గీత) తక్కువకి. లోయర్ రేట్ 60 నుంచి 70కి. ఏవీ డిలే సెర్చ్ ఆన్, అంటే సొంత కరెంట్ కోసం 300 మిల్లీసెకన్ల దాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది, రాకపోతేనే కొడుతుంది. ఇంప్లాంట్ అప్పటి ఎక్కువ వోల్టేజ్ అలాగే ఉంటే దాన్ని కూడా తగ్గించాను. కింది గదిని కొట్టడం తగ్గింది, వోల్టేజ్ తగ్గింది, దాంతో రేటు పెంచినా బ్యాటరీ అంచనా ఎనిమిదిన్నరేళ్ళ నుంచి పదేళ్ళకి పెరిగింది. "రేటు పెంచితే బ్యాటరీ అయిపోదా" అని భయపడేవాళ్ళు ఇది గమనించండి.

చదువుతున్నవాళ్ళలో తెలిసినవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. అవును, ఒకేసారి అన్నీ మార్చేశాను, పైగా గట్టిగా మార్చాను. ఆ రోజు ఓపీలో ఇంకా నలభై మంది ఉన్నారు, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు, ఊరు దూరం అనుకున్నా. తప్పే.

రెండు వారాలకి వచ్చారు, దసరా రద్దీలో పాపం. కోడలు ఒక పాకెట్ డైరీలో రాసుకొచ్చింది, ఏ టైముకి ఏం పని చేస్తే ఎలా ఉంది అని, నాకు ఎంత ముచ్చటేసిందో, ఇంత మంచి రిపోర్ట్ ఏ మెషీనూ ఇవ్వదు. పగలు నడక చాలా నయం, బిందె దించకుండా తెచ్చింది. కానీ రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, నిద్ర పట్టట్లేదు. ఇంకోటి, షేర్ ఆటో ఎక్కితే గుండె దడ, "నేను ఊరికే కూర్చునే ఉన్నా డాక్టర్ గారూ, గుండె మాత్రం పరిగెడతాంది". మూడోది నేను ఊహించనిది, పాలు తీసేటప్పుడు మాత్రం పాత నీరసమే, ఏ మార్పూ లేదంట.

ఈ మూడూ వేరు వేరు కథలు. చాలా పేస్‌మేకర్లలో ఉండే సెన్సర్ యాక్సిలెరోమీటర్, ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టేలాంటిదే. దానికి శ్రమ తెలీదు, కదలిక తెలుసు, అదీ ఛాతీ కదిలితేనే. ఆటోలో మన రోడ్ల మీద వచ్చే కుదుపుని అది నడక అనుకుంటుంది. పాలు తీసేటప్పుడు గొంతుకూర్చుని చేతులతో గట్టిగా పని చేస్తున్నా ఛాతీ కదలదు, కాబట్టి అది "ఈవిడ కూర్చుంది" అనుకుంటుంది. ఇదే కారణంగా మెట్లు దిగేటప్పుడు కుదుపు ఎక్కువ కాబట్టి రేటు ఎక్కువ, ఎక్కేటప్పుడు నిదానంగా అడుగేస్తాం కాబట్టి తక్కువ, అంటే అవసరానికి సరిగ్గా తలకిందులు. ఊపిరి లోతుని కొలిచే సెన్సర్లు, గుండె కండరం ముడుచుకునే తీరుని బట్టి పనిచేసే సెన్సర్లు ఉన్న పరికరాలు వేరే ఉన్నాయి, వాటికి శ్రమ బాగా తెలుస్తుంది, కానీ ఈవిడకున్నది ఇదే, పరికరం మార్చే పని లేదు.

సరే, ఈసారి ఒక్కో ఇబ్బందినీ విడిగా చూసి మార్చాను. లోయర్ రేట్ 70ని 65 చేశాను. రాత్రికి వేరే రేటు పెట్టే సౌకర్యం ఉంది, దాన్ని 55కి పెట్టాను. మామూలుగా రాత్రి పది నుంచి పొద్దున ఆరు అని పెట్టేస్తారు, ఈవిడ నాలుగింటికి పాకలో ఉంటుంది, ఇక ఆరు దాకా రాత్రి రేటే నడిస్తే మనం చేసిందేముంది, అందుకని తొమ్మిదిన్నర నుంచి మూడున్నర. పేస్‌మేకర్ లోపలి గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూశాను. థ్రెషోల్డ్ తక్కువ నుంచి మీడియంకి, ఇంటి పనుల రేటు 105 నుంచి 95. ఆటో కుదుపుకి పూర్తిగా స్పందించకుండా చేయాలంటే నడకకి కూడా స్పందించదు, కాబట్టి కొంచెం ఉంటుందమ్మా, ప్రమాదం కాదు అని చెప్పాను. పాలు తీసే సంగతికి సెట్టింగ్‌లో మందు లేదు, చిట్కా ఉంది: కూర్చోబోయే ముందు పాక చుట్టూ ఒక నిమిషం చురుగ్గా నడవమన్నాను, రేటు ఎక్కుతుంది, సెన్సర్ రికవరీ టైమ్ కొంచెం పొడిగించాను కాబట్టి కూర్చున్నాక కూడా కొన్ని నిమిషాలు వెంటనే పడిపోకుండా నిదానంగా దిగుతుంది.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తా. అసలు లోయర్ రేట్ ఎంతుండాలి అనేది ఇప్పుడు మా వాళ్ళలో నడుస్తున్న చర్చ. 60 అనేది ఏ పేషెంట్‌నీ చూసి పెట్టింది కాదు, అందరికీ అలవాటైపోయిన అంకె. 2023లో మైపేస్ అని అమెరికాలోని వెర్మాంట్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది, ఈఎఫ్ బాగుండి గుండె బిగుసుకున్న రకం హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు, లేదా ఆ దారిలో ఉన్నవాళ్ళు, అప్పటికే పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, సుమారు వంద మంది. వాళ్ళలో సగం మందికి 60 ఉంచి, మిగతావాళ్ళకి మనిషి ఎత్తుని బట్టి లెక్కగట్టి సుమారు 75 పెట్టారు. ఏడాదిలో 75 వాళ్ళకి జీవన నాణ్యత, కదలిక, రక్తంలో హార్ట్ ఫెయిల్యూర్ మార్కర్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గది లయ తప్పి అదరడం) అన్నీ మెరుగ్గా ఉన్నాయి. ఇది చదివి అందరికీ 75 పెట్టేద్దాం అనుకునే కుర్ర డాక్టర్లని చూశాను. ఆ ట్రయల్‌లోకి తీసుకున్నవాళ్ళు పై గది పేసింగ్ అయ్యి కింది గది సొంతంగా కొట్టుకునేవాళ్ళు, లేదా సహజమైన కరెంట్ దారిలో గానీ రెండు కింది గదుల్లో గానీ పేసింగ్ ఉన్నవాళ్ళు. కుడి కింది గది మూల నుంచి వందశాతం పేస్ అవుతున్న వీవీఐ (కింది గదిని మాత్రమే కొట్టే మోడ్) పేషెంట్‌కి 75 పెడితే డేవిడ్ ట్రయల్ గుర్తొస్తుంది, మైపేస్ కాదు. అదే 2023లోనే ర్యాపిడ్ హెచ్‌ఎఫ్ అని ఇంకో చిన్న ట్రయల్, ఇదే రకం హార్ట్ ఫెయిల్యూర్ ఉండి రేటు పెరగనివాళ్ళకి పై గది రేట్ రెస్పాన్స్ పెడితే, రేటైతే పెరిగింది గానీ శ్రమ చేసే సామర్థ్యం పెరగలేదు, ఎందుకంటే రేటు పెరిగిన మేరకి దెబ్బకి పంపే రక్తం తగ్గిపోయింది. నేను పైన చెప్పిన 8.8 లీటర్ల లెక్క కాగితం మీద అందరికీ పనిచేస్తుంది, మనుషుల్లో కొందరికే పనిచేస్తుంది. అందుకే నాకు ట్రయల్ కన్నా ఆ కారిడార్ మీద నమ్మకం ఎక్కువ.

దీపావళి అయ్యాక వచ్చినప్పుడు దీన్నే పరీక్షించాను. ఆవిడకి చెప్పకుండా, కోడలికి మాత్రం చెప్పి, రెండుసార్లు ఆరు నిమిషాల నడక పెట్టాం, మధ్యలో అరగంట రెస్ట్. మొదటిసారి సెన్సర్ ఆన్, రెండోసారి ఆఫ్. ఆన్‌లో 372 మీటర్లు నడిచింది, రేటు 108కి చేరింది. ఆఫ్‌లో 318 మీటర్లు, రేటు 71. రెండో నడకకి అలసట ఉంటుంది కదా అనొచ్చు, నిజమే, అరగంట రెస్ట్ ఇచ్చినా కొంత ఉంటుంది, మామూలుగా రెండోసారి అలవాటై ఇంకొంచెం ఎక్కువే నడుస్తారు అన్నది ఇంకోవైపు. కానీ నాకు మీటర్ల కన్నా ముఖ్యమైంది, రెండో నడక నాలుగో నిమిషంలో ఆవిడ ఆగి "ఇదేంది, మళ్ళీ పాత కాళ్ళొచ్చినాయి" అంది. వెంటనే మళ్ళీ ఆన్ చేశాను, విషయం చెప్తే నవ్వింది, కొంచెం తిట్టింది కూడా.

కింది గది పేసింగ్ 81 నుంచి 7 శాతానికి దిగింది. హిస్టోగ్రామ్‌లో 60 దగ్గరి తాటిచెట్టు పోయి 65 నుంచి 110 దాకా మెట్లు వచ్చాయి. ఏవీ సెర్చ్ పెట్టినప్పుడు ఒక జాగ్రత్త, సెన్సర్ రేటు పెంచినా ఒంట్లో ఆ మేరకి అడ్రినలిన్ పెరగకపోతే కరెంట్ దిగే టైము మరీ సాగిపోయి పై గది, కింది గది ఒకదానిమీద ఒకటి కొట్టుకునే ప్రమాదం ఉంది, మెడలో దడ వస్తుంది. నడక మధ్యలో ఈసీజీ స్ట్రిప్ తీసి చూశాం, ఆ టైము 240 మిల్లీసెకన్లు దాటలేదు.

అటెనోలాల్ మాత్రం ఇంకా నడుస్తోంది. పేస్‌మేకర్ పడగానే "ఇక రేటు పడిపోదు కదా" అని అటెనోలాల్ లాంటి బీటా బ్లాకర్ మళ్ళీ మొదలుపెట్టడం మామూలే, కొందరికి అవసరం కూడా. ఈవిడకి వట్టి బీపీ కోసమే, నొప్పి లేదు, ఫిబ్రిలేషన్ ఎపిసోడ్లు పరికరంలో ఏం పెద్దగా రికార్డవలేదు. ఉన్న కాస్త సొంత రేటుని కూడా తొక్కిపెట్టే మందు ఎందుకు? రేటు జోలికి పోని బీపీ మందు టెల్మిసార్టాన్ మొదలుపెట్టి అటెనోలాల్‌ని రెండు వారాలు సగం చేసి ఆపించాను. ఈ మందు ఒక్కసారిగా ఆపకూడదు, ఇది చదివి ఎవరూ సొంతంగా ఆపకండి. సెట్టింగ్స్ కుదురుకున్నాకే మందు ముట్టుకున్నాను, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో ఇంకా అయోమయమయ్యేది.

నీరసం అంటే ప్రతిసారీ రేట్ రెస్పాన్సే అనుకోకుండా ఉండటానికి ఇంకో పేషెంట్ సంగతి చెప్తా, చిన్నదే. 34 ఏళ్ళ కుర్రాడు, పుట్టుకతో హార్ట్ బ్లాక్, అంటే పై గది నుంచి కిందకి కరెంట్ దిగదు, సైనస్ నోడ్ మాత్రం బంగారం. షటిల్ ఆడుతుంటే ఉన్నట్టుండి ఎవరో స్విచ్ ఆపేసినట్టు కూలబడిపోతాడు. ఇతనికి రేటు పెరగకపోవడం కాదు, పెరిగిన రేటుని పేస్‌మేకర్ అందుకోలేకపోవడం. ఏవీ డిలే 180, దాని తర్వాత పై గది సిగ్నల్‌ని పట్టించుకోని టైము 320, రెండూ కలిపితే 500 మిల్లీసెకన్లు. 60,000ని 500తో భాగిస్తే 120. అంటే అతని సొంత రేటు 120 దాటగానే రెండు బీట్లలో ఒకటి పేస్‌మేకర్ కళ్ళుమూసుకున్న టైములో పడుతుంది, రేటు 120 నుంచి ఒక్క దెబ్బలో 60. అప్పర్ ట్రాకింగ్ రేట్ 130 అని కాగితం మీద ఉంది, కానీ అక్కడికి చేరే దారే లేదు. స్పీడు పెరిగేకొద్దీ ఏవీ డిలే 120 దాకా తగ్గేలా పెట్టి, కింద నుంచి పైకి కరెంట్ తిరిగి వెళ్ళట్లేదని చెక్ చేసుకుని రెండోదాన్ని 250 చేస్తే మొత్తం 370, అంటే 162 దాకా ఇబ్బంది లేదు, అప్పర్ రేట్ 150కి పెంచాం. అదే రోజు సాయంత్రం ఆడి ఫోన్ చేశాడు. ఇతనికి రేట్ రెస్పాన్స్ ఆన్ చేసి ఉంటే ఒరిగేదేం లేదు.

మళ్ళీ మన గేదెలావిడ దగ్గరకి. సంక్రాంతి వెళ్ళాక జనవరి చివర్లో వచ్చింది, అరిసెలు పట్టుకొచ్చింది, తనే వండిందంట, పిండి మాత్రం కోడలు కొట్టింది. రాత్రి నిద్ర బాగుంది. అటెనోలాల్ ఆపాక తన సొంత రేటు అప్పుడప్పుడు 80 దాటుతోంది, పై గది పేసింగ్ 94 నుంచి 86కి తగ్గింది. బీపీ 132/80. బీ12 ఇంజెక్షన్లు అయ్యాయి, వచ్చిన ఓపికలో ఎంత వీటి పుణ్యం, ఎంత సెట్టింగ్ పుణ్యం అనేది నేను తూకం వేసి చెప్పలేను, ఆ రెండు నడకల తేడా వరకు మాత్రం సెట్టింగ్‌దే అని చెప్పగలను. ఆటోలో దడ ఇంకా కొంచెం ఉందంట, "అలవాటైందిలే" అంది. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, అది నా చేతిలో లేదు.

కొత్త సెట్టింగ్స్ అన్నీ ఆవిడ పేస్‌మేకర్ కార్డు వెనక కాగితం అంటించి రాసిచ్చాను, రాత్రి టైముతో సహా, ఎందుకంటే వచ్చేసారి ఇంకెక్కడో చెకింగ్‌కి వెళ్తే "ఇదేంటి 55 ఉంది" అని ఎవరో ఒకరు మళ్ళీ 60 చేసేస్తారు, నాకిది రెండుసార్లు అనుభవం. వెళ్ళేముందు కోడలు ఇంకో ప్రశ్న అడిగింది, అత్తయ్య అమ్మిన గేదె మళ్ళీ కొందామంటోంది, కొనొచ్చా అని. ఒక్క గేదె చాలమ్మా అన్నాను. ఆవిడ విన్నట్టు లేదు.